నోటరీ ముద్ర: దాని విలువ, దాని హద్దు

మన గ్రామములలో కాగితమునకు గల గౌరవము సామాన్యమైనది కాదు. అప్పు ఇచ్చినను, పొలము కొన్నను, అన్నదమ్ములు వేరుపడినను, "కాగితము వ్రాయించుకొంటిమి" అను మాటతో రైతు నిశ్చింతుడగుచున్నాడు. ఆ కాగితముపై స్టాంపులును, గుండ్రని ముద్రయు, ఒక న్యాయవాది సంతకమును ఉన్నచో అతని ధైర్యము రెట్టింపగును. "నోటరీ చేయించితిమి, ఇక భయము లేదు" అని తలచును. ఈ ధైర్యము కొన్ని సందర్భములలో న్యాయమైనదే. మరికొన్ని సందర్భములలో ఈ ధైర్యమే అతనికి తీరని నష్టము కలిగించుచున్నది. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఇంటిస్థలము కొని, నోటరీ కాగితమును పెట్టెలో భద్రపరచుకొన్న కుటుంబము, ఒకనాడు అదే స్థలమునకు మరియొకరు రిజిస్టరు దస్తావేజుతో వచ్చి నిలిచినపుడు గాని, తన చేతిలోనున్నది క్రయపత్రము కాదని తెలిసికొనుట లేదు.

ఇట్టి తగవులు మొదట వచ్చునది పంచాయతి అరుగు మీదకే. గ్రామస్థులు కాగితము వ్రాయించుటకు ముందు సలహా అడుగునది కూడ సర్పంచిని, వార్డు సభ్యులనే. కావున నోటరీ అనగా ఎవరు, ఆయన చేయు ధ్రువీకరణకు గల బలమెంత, ఆ బలము ఎచ్చట ఆగిపోవును అను విషయములను పంచాయతి సభ్యులకు వివరింపదలచితిమి. వ్యాసమంతటికి సారమైన మాటను మొదటనే చెప్పుచున్నాము. నోటరీ ముద్ర సాక్ష్యము పలుకును గాని, హక్కును పుట్టింపదు.

నోటరీ ఎవరు?

నోటరీ అను పదము లాటిను భాషనుండి పుట్టినది. ప్రాచీన రోములో వ్రాయసకానికి అట్టి పేరుండెను. తరువాతి కాలమున ఐరోపా ఖండములో ఒడంబడికలు వ్రాసి, వాటి సత్యమునకు తన ముద్రతో పూచీపడు ఉద్యోగికి ఆ పేరు స్థిరపడెను. ఇంగ్లాండులో 1533వ సంవత్సరమున చేయబడిన చట్టము వలన నోటరీలను నియమించు అధికారము కాంటర్బరీ ఆర్చిబిషప్పునకు సంక్రమించెను. ఆయన తరపున మాస్టర్ ఆఫ్ ఫాకల్టీస్ అను అధికారి ఈ నియామకములు జరుపుచుండెను. ఆంగ్లేయుల పాలనలో మన దేశమునందలి నోటరీలు కూడ ఆ అధికారిచేతనే నియమింపబడుచుండిరి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము క్రింద ఇచ్చటి ప్రభుత్వము నోటరీలను నియమించుటకు వీలున్నను, వారి అధికారము ఆ చట్టములో చెప్పబడిన హుండీలు, ప్రాంసరీ నోట్లు మొదలగువాటికే పరిమితమై యుండెను.

దేశము స్వతంత్రమైన పిమ్మట ఈ ఏర్పాటు కొనసాగుట తగదని తలచి, పార్లమెంటు 1952లో నోటరీల చట్టమును చేసెను. అది 1956 ఫిబ్రవరి 14వ తేది నుండి అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరముననే నోటరీల నిబంధనలును వెలువడెను. నేడు దేశములో నోటరీలందరును ఈ చట్టము క్రిందనే పనిచేయుచున్నారు.

ఈ చట్టము ప్రకారము కేంద్ర ప్రభుత్వము గాని, రాష్ట్ర ప్రభుత్వము గాని నోటరీలను నియమింపవచ్చును. సామాన్యముగా పది సంవత్సరములు వకీలు వృత్తి చేసినవారు అర్హులు. షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులకు చెందినవారికిని, స్త్రీలకును ఏడు సంవత్సరముల అనుభవము చాలును. నియమింపబడినవారికి ఐదు సంవత్సరముల గడువుగల ప్రాక్టీసు సర్టిఫికెటు ఇయ్యబడును. గడువు తీరగానే దానిని పునరుద్ధరించుకొనవలెను. ఆ సర్టిఫికెటులో ఏ ప్రాంతము పేర్కొనబడినదో ఆ ప్రాంతములోనే నోటరీ పనిచేయవలెను. వకీళ్ళందరును నోటరీలు కారనియు, ఒకప్పుడు నోటరీయై యుండిన వారందరు నేడును నోటరీలు కారనియు దీనివలన తెలియుచున్నది. ఏటేట జనవరి మాసమున, పనిలోనున్న నోటరీల జాబితాను ప్రభుత్వము తన గెజెటులో ప్రకటింపవలెనని చట్టము శాసించుచున్నది. నోటరీగా నియమింపబడకయే నోటరీనని చెప్పుకొనువానికి ఒక సంవత్సరము వరకు జైలుశిక్షగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

నోటరీ చేయు పనులు

చట్టములోని 8వ సెక్షను నోటరీ చేయదగిన పనులను లెక్కించి చెప్పినది. వానిలో గ్రామస్థులకు సంబంధించినవి కొన్ని. దస్తావేజుపై సంతకము చేసినవారు తన ఎదుట చేసిరని ధ్రువపరచుట మొదటిది. ప్రమాణము చేయించి ప్రమాణపత్రము, అనగా అఫిడవిటు, తీసికొనుట రెండవది. ఒక భాషనుండి మరియొక భాషకు చేసిన అనువాదమును సరిచూచి ధ్రువపరచుట మూడవది. విదేశములలో చెల్లవలసిన పత్రములను సిద్ధపరచి ధ్రువీకరించుట నాలుగవది. హుండీగాని, ప్రాంసరీ నోటుగాని చెల్లింపు జరుగక తిరిగివచ్చినపుడు ఆ సంగతిని నమోదు చేయుట ఐదవది. న్యాయస్థానము ఆదేశించినచో కమిషనరుగా సాక్ష్యము నమోదు చేయుటకును, ఉభయపక్షములు కోరినచో మధ్యవర్తిగా వ్యవహరించుటకును గూడ నోటరీకి అధికారము కలదు.

ఈ పనులలో ఏదియైనను నోటరీ తన సంతకముతోను, తన అధికార ముద్రతోను చేసినపుడే అది నోటరీ చర్య యగునని చట్టము స్పష్టపరచినది. సంతకము లేని ముద్రకు గాని, ముద్ర లేని సంతకమునకు గాని విలువ లేదు. ముద్ర వలయాకారమున ఐదు సెంటీమీటర్ల వ్యాసము గలదై, నోటరీ పేరు, ఆయన అధికార ప్రాంతము, రిజిస్ట్రేషను నంబరు, నియమించిన ప్రభుత్వము పేరు తెలుపవలెను. ఇంతేగాక, ప్రతి నోటరీయు ఒక రిజిస్టరు నిర్వహింపవలెను. తాను చేసిన ప్రతి పనిని వరుస నంబరుతో అందు వ్రాయవలెను. రేపు వివాదము వచ్చినచో కాగితముమీది నంబరును రిజిస్టరులోని నంబరుతో సరిచూచుటకు వీలుండును. నంబరు వేయని నోటరీ కాగితమును అనుమానింపవలసినదే.

ధ్రువీకరణ ఎట్లు జరుగవలెను?

నోటరీ ధ్రువీకరణకు ప్రాణము సముఖము. సంతకము చేయువారు స్వయముగా నోటరీ ఎదుటికి రావలెను. ఆయన వారి గుర్తింపు కార్డు చూచిగాని, తానెరిగిన వారిచేత గుర్తింపజేసికొనిగాని, వారెవరో నిశ్చయించుకొనవలెను. వారు ఇష్టపూర్వకముగ, తెలిసి సంతకము చేయుచున్నారా అని విచారింపవలెను. చదువురానివారైనచో కాగితములోని విషయమంతయు వారి భాషలో చదివి వినిపించి, అర్థమైనదని వారు చెప్పిన తరువాతనే వ్రేలిముద్ర వేయింపవలెను. అట్లు చదివి వినిపించిన సంగతిని కాగితముపైననే వ్రాయవలెను.

గ్రామములలో దీనికి విరుద్ధమైన అలవాటొకటి వ్యాపించియున్నది. ఇంటివద్దనే సంతకములు చేసి, ఎవరో ఒకరి చేతికిచ్చి పట్టణమునకు పంపి, ముద్ర వేయించి తెప్పించుకొనుట సులభముగా తోచుచున్నది. సంతకము చేసిన మనిషిని చూడకయే వేసిన ముద్ర అసత్యమునకు వేసిన ముద్ర. "నేను ఆ దినమున అచ్చటికి పోనేలేదు" అని సంతకదారు న్యాయస్థానములో చెప్పి రుజువు చేసినచో ఆ కాగితము కూలిపోవును. ఆ నోటరీ పేరును సయితము ప్రభుత్వము రిజిస్టరునుండి తొలగింపవచ్చును. ఖాళీ స్టాంపు కాగితములపై సంతకములు, వ్రేలిముద్రలు వేసియిచ్చుట ఇంకను ప్రమాదకరము. అప్పు అవసరమునకు అట్లు చేసినవారు ఆ కాగితముపై ఏమి వ్రాయబడినను తామే బాధ్యులగు ప్రమాదమున పడుచున్నారు.

నడువలేని వృద్ధులు, రోగులు ఉన్నచో నోటరీని వారి యింటికే పిలిపించుకొనవచ్చును. అందుకు ప్రయాణపు ఖర్చు ఇయ్యవలసియుండును. రుసుము ఎంతయో నిబంధనలలో నిర్ణయింపబడియున్నది. ఆ రేట్లను నోటరీ తన కార్యాలయములో అందరికి కనబడునట్లు ప్రదర్శింపవలెను. తీసికొన్న రుసుమునకు రసీదు ఇయ్యవలెను. రసీదు అడుగుటకు మన గ్రామస్థులు సంకోచింపరాదు.

ముద్రకు గల బలము

నోటరీ తన ముద్రతో తెలుపునవి మూడు సంగతులు: సంతకము చేసినది ఫలానా వ్యక్తి అనియు, ఫలానా దినమున చేసెననియు, తన ఎదుటనే చేసెననియు. ఈ మూడు సంగతులను న్యాయస్థానములు గౌరవముతో స్వీకరించును. ముఖ్యముగా, నోటరీ ఎదుట వ్రాసియిచ్చి ఆయనచే ధ్రువీకరింపబడిన అధికారపత్రమును, అనగా జనులు పవరు పట్టా అనియు జి.పి.ఏ. అనియు చెప్పుదానిని, సరిగా వ్రాసియిచ్చినదేయని న్యాయస్థానము మొదట భావింపవలెను. కాదనువారే కాదని రుజువు చేసికొనవలెను. 1872 నాటి సాక్ష్య చట్టములోని 85వ సెక్షను ఇట్లు శాసించెను. ఆ చట్టమునకు బదులుగా 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము, 2023 లోను ఈ సూత్రము నిలిచియున్నది. ప్రమాణపత్రముల విషయమునను అంతే. సివిలు వ్యాజ్యములలో దాఖలు చేయు అఫిడవిటుకు ప్రమాణము చేయించు అధికారము న్యాయస్థానములతోబాటు నోటరీలకును కలదు.

ఇక ముద్ర చెప్పని సంగతులను చూతము. ఆ పొలము నిజముగా అమ్మువానిదేనా? దానిపై పూర్వము తాకట్టు ఉన్నదా? అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు అందు భాగమున్నదా? అదే స్థలము వేరొకరికి ముందే అమ్మబడినదా? ఈ ప్రశ్నలకు నోటరీ జవాబుదారి కాడు. కాగితములోని వ్రాత సత్యమని ఆయన చెప్పుట లేదు. వ్రాసినవాడు వీడే యని మాత్రమే చెప్పుచున్నాడు. ఈ భేదమును గ్రహించినవారు మోసపోవుట అరుదు.

నోటరీ ముద్ర చాలని పత్రములు

స్థిరాస్తి క్రయము వీనిలో మొదటిది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 54వ సెక్షను ప్రకారము, వంద రూపాయలు గాని అంతకు మించిగాని విలువగల భూమిని, ఇంటిని, స్థలమును అమ్ముటకు రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. నేటి ధరలలో వంద రూపాయల లోపు స్థలము ఎచ్చటను లేదు గనుక, రిజిస్టరు కాని భూమి అమ్మకము లేదనియే అర్థము. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములోని 49వ సెక్షను ప్రకారము, రిజిస్టరు కావలసియుండి కాని పత్రము వలన ఆస్తిపై హక్కు కలుగదు. తెల్లకాగితముపై వ్రాసినను, వంద రూపాయల స్టాంపుపై వ్రాసినను, నోటరీ ముద్ర వేయించినను ఫలితము ఒక్కటే.

దానపత్రమునకు విలువతో నిమిత్తము లేకయే రిజిస్ట్రేషను కావలెను. ఇద్దరు సాక్షులును ఉండవలెను. ఇంటినిగాని, దుకాణమునుగాని ఒక సంవత్సరమునకు మించిన గడువునకు అద్దెకిచ్చు పత్రమును రిజిస్టరు చేయింపవలెను.

పవరు పట్టా ద్వారా అమ్మకము జరుపుట మరియొక ప్రమాదము. విక్రయ ఒప్పందము, పవరు పట్టా, వీలునామా ఈ మూడింటిని కలిపి వ్రాయించుకొని, స్థలము కొన్నట్లే భావించువారు పెక్కురు కలరు. ఇట్టి పత్రముల వలన యాజమాన్యము బదిలీ కాదని సుప్రీము కోర్టు 2011లో సూరజ్ ల్యాంపు కంపెనీ వ్యాజ్యములో స్పష్టముగా తీర్పుచెప్పినది. పవరు పట్టా ఇచ్చినవారు మరణించినచో సామాన్యముగా ఆ అధికారము అంతటితో ముగియును. అప్పుడు కొన్నవారు వారసుల దయపై ఆధారపడవలసివచ్చును.

రిజిస్టరు కాని విక్రయ కాగితము ఇప్పటికే చేతనున్నవారు ఏమి చేయవలెను? వారు కాగితమును పెట్టెలోనుంచి కాలము గడపరాదు. అమ్మినవారు బ్రతికియుండగనే, వారిని పిలిచి రిజిస్టరు క్రయపత్రము వ్రాయించుకొనవలెను. వారు నిరాకరించినచో ఒప్పందమును అమలు జరిపింపుమని దావా వేయవచ్చును. రిజిస్టరు కాని ఒప్పందమును అట్టి దావాలో సాక్ష్యముగా చూపుటకు చట్టము వీలిచ్చినది. దావాకు గడువు మూడు సంవత్సరములు. ఒప్పందములో తేది నిర్ణయింపబడియున్నచో ఆ తేది నుండియు, లేనిచో అమ్మినవారు నిరాకరించినట్లు తెలిసిన దినమునుండియు ఈ గడువు లెక్కింపబడును. ఆలస్యము చేసినచో న్యాయము తమ పక్షముననున్నను దావా నిలువదు.

వివాహ విషయములలోను ఇట్టి భ్రమయే కలదు. భార్యాభర్తలు పెద్దల సమక్షమున స్టాంపు కాగితముపై విడిపోవుచున్నట్లు వ్రాసికొని, నోటరీ ముద్ర వేయించి, విడాకులు జరిగినవని తలచుచున్నారు. హిందూ వివాహ చట్టము, 1955 ప్రకారము విడాకులు ఇయ్యవలసినది న్యాయస్థానము. చట్టము గుర్తించిన కులాచారమును రుజువు చేయగలిగిన అరుదైన సందర్భములు వేరు. ఇట్టి కాగితమును నమ్మి రెండవ వివాహము చేసికొన్నచో ఆ వివాహము చెల్లదు. అందు చిక్కుకొన్న స్త్రీకి, పుట్టిన బిడ్డలకు కలుగు కష్టము చెప్పనలవి కాదు. వివాహ, విడాకుల పత్రములను నోటరీలు ధ్రువీకరింపరాదని కేంద్ర న్యాయ మంత్రిత్వశాఖ 2024లో హెచ్చరించినది. దత్తతకు సయితము కాగితము ప్రధానము కాదు. బిడ్డను ఇచ్చుట, పుచ్చుకొనుట వాస్తవముగా జరుగవలెను. ఆ సంగతి తెలుపు పత్రమును రిజిస్టరు చేయించుకొన్నచో 1956 నాటి హిందూ దత్తత చట్టము దానిని నమ్మదగిన రుజువుగా స్వీకరించును.

నోటరీ అక్కరలేని పత్రములు

కొన్ని పత్రములకు నోటరీ ముద్ర వేయింపకున్నను లోపము లేదు. వీలునామాకు కావలసినది వ్రాసినవారి సంతకము లేక వ్రేలిముద్ర, దానిని చూచి సంతకము చేసిన ఇద్దరు సాక్షులు. వీలునామా రిజిస్ట్రేషను ఐచ్ఛికము. అయినను రిజిస్టరు చేయించుట మేలు. పత్రము పోవుననిగాని, మార్చబడుననిగాని భయముండదు. ఒక్క నోటరీ ముద్రయుండి, ఇద్దరు సాక్షులు లేని వీలునామా నిలువదు. ప్రాంసరీ నోటుకు నోటరీగాని, సాక్షులుగాని చట్టరీత్యా అవసరము లేదు. తగిన రెవెన్యూ స్టాంపు, అప్పు తీసికొన్నవారి సంతకము ఉన్నచో చాలును. మూడు సంవత్సరములలోపల చెల్లింపుగాని, తిరుగవ్రాతగాని, దావాగాని జరుగవలెనను విషయమును మరువరాదు.

నకళ్ళ విషయమున కూడ నేడు భారము తగ్గినది. చదువు సర్టిఫికెట్లు మొదలగువాని నకళ్ళపై దరఖాస్తుదారే సంతకము చేసియిచ్చినచో పెక్కు ప్రభుత్వ కార్యాలయములు స్వీకరించుచున్నవి. కావున నోటరీ వద్దకు పోవుటకు ముందు, కార్యాలయమువారు నిజముగా నోటరీ ధ్రువీకరణ కోరిరా అని విచారించుట మంచిది.

పంచాయతి కార్యాలయమునకు సంబంధించిన ఒక మార్పును ఇచ్చట తెలుపవలసియున్నది. జనన మరణములను 21 దినములలో నమోదు చేయింపవలెను. ముప్పది దినములు దాటి ఒక సంవత్సరములోపల నమోదు చేయించుటకు పూర్వము నోటరీ ఎదుట చేసిన అఫిడవిటు కావలసియుండెను. 2023లో చట్టము సవరింపబడి, ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి దానికి బదులుగా స్వయముగా సంతకము చేసిన పత్రము చాలునని నిర్ణయింపబడినది. అధికారి అనుమతియు, రుసుమును పూర్వమువలెనే అవసరము. ఈ మార్పు తెలియక పట్టణమునకు తిరుగు పేదవారికి పంచాయతివారు చెప్పినచో ఒక దినపు కూలి మిగులును.

విదేశములలో నున్నవారి పత్రములు

మన జిల్లాలనుండి గల్ఫు దేశములకు, అమెరికాకు పోయి పనిచేయుచున్నవారు వేలకొలదిగ ఉన్నారు. గ్రామములోని ఆస్తి విషయమున వారు తండ్రికో, సోదరునికో అధికారమియ్యవలసివచ్చును. ఇచ్చట ఒక భేదమును జ్ఞాపకముంచుకొనవలెను. ఒకరు వ్రాసియిచ్చిన దస్తావేజును వారి పక్షమున మరియొకరు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయుటకు పవరు పట్టా కావలెను. ఆ పట్టా ఇచ్చువారు మన దేశములో నివసించుచున్నచో దానిని రిజిస్ట్రారు లేక సబ్-రిజిస్ట్రారు ఎదుట వ్రాసియిచ్చి ధ్రువీకరింపజేయవలెను. నోటరీ ధ్రువీకరణ అందుకు చాలదు. విదేశములో నివసించుచున్నచో అచ్చటి నోటరీ ఎదుటగాని, న్యాయమూర్తి ఎదుటగాని, భారత దౌత్య కార్యాలయములోని కాన్సలు ఎదుటగాని వ్రాసియియ్యవచ్చును. రిజిస్ట్రేషను చట్టములోని 33వ సెక్షను ఇట్లు నిర్ణయించినది. అట్లు వచ్చిన పట్టా మన దేశమునకు చేరిన మూడు మాసములలోపల దానికి తగిన స్టాంపు సుంకము చెల్లింపవలెను. జబ్బుచేతగాని, అశక్తతచేతగాని కార్యాలయమునకు రాలేనివారి యింటికి సబ్-రిజిస్ట్రారే వచ్చుటకు చట్టములో వీలున్నదని కూడ గ్రామస్థులకు తెలుపవలెను.

మన దేశపు పత్రములు విదేశములకు పోవునపుడు నోటరీ ముద్ర మొదటి మెట్టు మాత్రమే కావచ్చును. అపోస్టిలు ఒడంబడిక అను అంతర్జాతీయ ఏర్పాటు 2005 జూలై 14 నుండి మన దేశమునకు వర్తించుచున్నది. ఆ ఒడంబడికలో చేరిన దేశములకు పోవు పత్రములపై విదేశ వ్యవహారముల మంత్రిత్వశాఖ అపోస్టిలు ముద్ర వేయును. చేరని దేశములకైనచో ఆ దేశపు రాయబార కార్యాలయపు ధ్రువీకరణ కావలెను. దళారులకు సొమ్మిచ్చుటకు ముందు తమ పత్రము ఏ దేశమునకు పోవుచున్నదో, అచ్చట ఏది కోరుదురో తెలిసికొనవలెను.

అసత్య ప్రమాణము

అఫిడవిటు అనగా ఒక ఫారము నింపుట యని పెక్కురు తలచుచున్నారు. అది ప్రమాణము. అందు తెలిసి అసత్యము వ్రాసినచో శిక్ష కలదు. న్యాయస్థాన వ్యవహారములలో అసత్య సాక్ష్యమునకు ఏడు సంవత్సరముల వరకు, ఇతర సందర్భములలో మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష విధింపవచ్చునని భారతీయ న్యాయ సంహిత, 2023 చెప్పుచున్నది. ఒక వారసుని పేరు విడిచి "మేమే వారసులము" అని ప్రమాణము చేయుట, ఆదాయమును దాచి ప్రమాణము చేయుట చిన్న తప్పులు కావు. వ్రాయించువాడు చెప్పినట్లు సంతకము చేసితినను సాకు అప్పుడు పనికిరాదు.

పంచాయతి సభ్యుల కర్తవ్యము

ఈ విషయమున పంచాయతి చేయదగిన మేలు చాల కలదు. నోటరీ కాగితమును ఆధారముగా చేసికొని ఇంటిపన్ను రిజిస్టరులో పేరు మార్పించుకొనుట, ఆ పన్ను రసీదును చూపి అదే ఇంటిని మరియొకరికి అమ్ముట కొన్ని గ్రామములలో జరుగుచున్నది. మొదటి కాగితములో లేని హక్కు మూడవ చేతికి చేరునప్పటికి ఉన్నట్లు కనబడుచున్నది. ఇంటిపన్ను రసీదు పన్ను చెల్లించినందుకు రుజువే గాని హక్కు పత్రము కాదు. కావున పేరు మార్పు దరఖాస్తు వచ్చినపుడు రిజిస్టరు దస్తావేజుగాని, వారసత్వమునకు తగిన ఆధారముగాని ఉన్నదా అని పంచాయతి కార్యదర్శితో కలిసి పరిశీలింపవలెను.

స్థలము కొనువారు సలహాకు వచ్చినచో ఈ క్రమమును చెప్పవలెను. మొదట సబ్-రిజిస్ట్రారు కార్యాలయములో ఋణభార ధ్రువపత్రము, అనగా ఈ.సి., తీసికొనవలెను. పిదప అమ్మువాని పూర్వపు దస్తావేజులను, రెవెన్యూ రికార్డులను చూడవలెను. వారసులందరి సమ్మతి కనుగొనవలెను. చివరకు రిజిస్టరు క్రయపత్రము పొందవలెను. తెలంగాణములో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020 నుండి తహసీల్దారు కార్యాలయములలో జరుగుచున్నది. ఆంధ్రప్రదేశములో సబ్-రిజిస్ట్రారు వద్దకు పోవలెను. వ్రాసి సంతకము చేసిన దస్తావేజును నాలుగు మాసములలోపల దాఖలు చేయవలెను. రిజిస్ట్రేషను ఖర్చు ఎక్కువ యని నోటరీతో సరిపెట్టుకొనువారికి ఒక్క మాట చెప్పిన చాలును. మిగుల్చుకొన్నది సుంకము, పోగొట్టుకొనగలది స్థలము.

సందేహము తీరని యెడల న్యాయ సేవల సంస్థల సహాయము కలదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయ సహాయము లభించును. నిర్ణీత ఆదాయమునకు లోబడిన ఇతరులును అర్హులే. మండల న్యాయ సేవల కమిటీవారిని ఆహ్వానించి, గ్రామసభ దినమున ఈ విషయములు వివరింపజేయుట ప్రతి పంచాయతియు చేయదగిన పని.

నోటరీ వ్యవస్థ ప్రజలకు ఉపకారమైనదే. దూరాభారము లేకుండ, తక్కువ ఖర్చుతో, సంతకమునకు విశ్వాసము కల్పించు ఏర్పాటది. దానికి లేని శక్తిని దానికి అంటగట్టుటవలననే చిక్కు వచ్చుచున్నది. ఏ కాగితము నోటరీ వద్దకు పోవలెనో, ఏది సబ్-రిజిస్ట్రారు వద్దకు పోవలెనో, ఏది న్యాయస్థానమునకు పోవలెనో గ్రామములోని ప్రతి కుటుంబమునకు సకాలమున తెలిసినచో, పెక్కు తగవులు పంచాయతి అరుగు ఎక్కక ముందే అణగిపోవును. ఆ తెలివిని ఇంటింటికి చేర్చుటకు పంచాయతి సభ్యులకంటె తగినవారు లేరని మా విశ్వాసము.